అశ్వవీరుడి భర్త

మన మ్యూజియంలోని అశ్వవీరుడు ఆడమనిషని తేలిన సంగతి పాఠకులకు తెలిసిందే. ఆ దురదృష్టకర పరిస్థితిని సకాలంలో చక్కదిద్దిన కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ణి. కాబట్టి జరిగింది జరిగినట్టు ప్రజల ముందుంచడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

అశ్వవీరుణ్ణి కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. నది ఒడ్డున సమాధిలో, పక్కన పొడవాటి కత్తితో, అమ్ములపొదితో, కాళ్ళ దగ్గర గుర్రంతో సహా దొరికాడు. ఊరి కూడలిలో ఆయన శిలావిగ్రహం ఉంది. దాని మీసం పుర్రె ఆధారంగా చెక్కినదే. కుస్తీ పట్టేవాళ్ళు పోటీకి వెళ్ళేముందు ఆ మీసానికి దండం పెట్టుకుని మరీ వెళతారు.

సమాధిలో ఉన్నది ఆడా మగా అని తేల్చడానికి మా మ్యూజియంలో ఒక శాస్త్రీయమైన పద్ధతి ఉంది. కత్తి ఉంటే మగవాడు. అద్దం ఉంటే ఆడది. రెండూ ఉంటే రాజు. రెండూ లేకపోతే పేదవాళ్ళు. పేదవాళ్ళకు మేం లేబుల్ రాయం. ఈ పద్ధతిలో ఎముకల వంక చూడాల్సిన పనే లేదు. చూసిన పాపానికే ఇదంతా వచ్చిపడింది.

చూసింది ఎముకల పరిశీలకురాలు. తాత్కాలిక ఉద్యోగిని. అశ్వవీరుణ్ణి కొత్త గదిలోకి మార్చేముందు కాస్త దుమ్ము దులపమంటే, ఆవిడ భూతద్దం పట్టుకుని కూర్చుంది. కటి ఎముక స్త్రీదేనని, చిన్నప్పటి నుంచీ గుర్రమెక్కినవాళ్ళకు మల్లే తొడ ఎముకలు వంగాయని, భుజంలో బాణపు మొన విరిగి ఉండిపోతే దాని చుట్టూ ఎముక మళ్ళీ పెరిగిందని నివేదిక రాసింది. కొండల మీది నుంచి ఆడవాళ్ళు గుర్రాలెక్కి యుద్ధానికి దిగేవారని మన అమ్మమ్మలు చెప్పే కథకు ఇదే రుజువని కూడా అంది. కొత్త గది తెరిచేలోగా లేబుల్ మార్చాలట. కత్తి ఆమె పక్కనే ఉంచాలట. నివేదిక కింద తన పేరుండాలట.

డైరెక్టరు గారు వెంటనే కమిటీ వేశారు. ప్రారంభోపన్యాసం ఆయనే చేశారు.

"ఆ కథంటే నాకు ప్రాణం. మా అమ్మమ్మ ఒళ్ళో పడుకుని విన్నవాణ్ణి. కానీ కథకి రుజువు దొరికాక అదింక కథెలా అవుతుంది? రేపు మన పిల్లలు దేన్ని నమ్మకుండా ఉండాలి?"

అందరం చప్పట్లు కొట్టాం. కొట్టాక చుట్టూ చూశాను. ఎవరి చెయ్యి వాళ్ళకు తెలియకుండానే పైపెదవి మీదికి పోతోంది. నాదీ పోయింది.

చర్చ ఉన్నత స్థాయిలో సాగింది. కత్తి పక్కన ఉన్నంత మాత్రాన ఆమెది అయిపోదని, భర్త యుద్ధానికి వెళుతూ జాగ్రత్త చెయ్యమని ఇచ్చి ఉంటాడని ఆయుధాల నిపుణుడు తేల్చారు. కత్తి ఇంట్లో పెట్టి యుద్ధానికెలా వెళ్ళాడని ఎముకలావిడ అడిగింది. అంతటి వీరుడని ఆయన జవాబిచ్చారు. బాణం సంగతి గృహజీవన నిపుణుడు చూసుకున్నారు. భర్తకు అన్నం పట్టుకెళుతుంటే తగిలిందట. మరి గుర్రం? మేత వేసే చెయ్యి కదా, అలవాటుపడి వెంట వచ్చేసింది.

ఇక భర్త ఒక్కడే తక్కువ. ఆయనా పక్క సమాధిలోనే దొరికాడు. అద్దం, దువ్వెన, పూసల దండ ఉండటం వల్ల ఇన్నాళ్ళూ 'గృహిణి' అనే లేబుల్ కింద పడుకుని ఉన్నాడు. ఆ ఎముకలు మగవాడివని తేల్చింది ఎముకలావిడే. ఆవిడ శాస్త్రాన్ని మేం తోసిపుచ్చామనేవాళ్ళు ఈ విషయం గమనించాలి. ఆయన ఒంటి మీద ఒక్క గాయపు గుర్తు కూడా లేదు. అంటే ఏ శత్రువూ ఆయన్ని తాకలేకపోయాడన్నమాట. ఇద్దరి మధ్య కొన్ని వందల ఏళ్ళ తేడా ఉందని ఆవిడ అభ్యంతరం చెప్పింది. పూర్వకాలంలో దంపతుల మధ్య వయసు తేడా మామూలేనని డైరెక్టరు గారు నచ్చజెప్పారు. కత్తి, గుర్రం ఆయన పక్కకు మార్చాం. అద్దం, దువ్వెన ఆమెకిచ్చాం. విగ్రహం మీసం దక్కింది.

నివేదిక కింద పేరు మిగిలింది. ఇంత లోతైన పరిశీలన తాత్కాలిక ఉద్యోగిని చేసిందంటే మ్యూజియం పరువేం కావాలి? అదృష్టవశాత్తూ ఆవిడ భర్త బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. గడియారాలు బాగుచేస్తాడు. ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాడు. డైరెక్టరు గారు ఆయన్ని లోపలికి పిలిపించి, భూతద్దం చూపించి, ఇది మీదే కదా అన్నారు.

"మా ఆవిడదేనండీ. నాది కంటికి తగిలించుకునేది," అన్నాడతను. "నాకు చేప ముల్లుకీ మనిషి ఎముకకీ తేడా తెలీదు సార్."

"చూశారా, ఎంత నిగర్వో!" అని డైరెక్టరు గారు నా చెవిలో అన్నారు.

నివేదిక ఆ నిగర్వి పేరు మీదే అచ్చయింది. వద్దని ఆయన ఎంత మొత్తుకుంటే మాకు గౌరవం అంత పెరిగింది. కొత్త గది ప్రారంభోత్సవం రోజున తనకిచ్చిన పూలగుత్తి భార్య చేతిలో పెట్టబోయాడు. ఫోటోగ్రాఫరు ఆవిణ్ణి కాస్త పక్కకు జరగమన్నాడు.

చివర్లో డైరెక్టరు గారు పెద్ద మనసు చేసుకుని, నువ్వూ రెండు మాటలు చెప్పమ్మా అన్నారు. ఎముకలావిడ మైకు దగ్గరికొచ్చి కాసేపు మా అందరినీ చూసింది. ఎముకల్ని చూసినట్టే చూసింది.

"నేను పోయాక నాతోపాటు ఏమీ పెట్టకండి," అంది. "పెడితే, అదెవరిదో తేల్చడానికి పాపం మా ఆయన్ని తవ్వుతారు."

హాలు చప్పట్లతో మారుమోగింది. వెంట ఏమీ వద్దనుకునే ఆ నిరాడంబరతకు నా కళ్ళు చెమర్చాయి. ఇలాంటి ఆడవాళ్ళు మన కాలంలో నిజంగా ఉండేవారని రేపు ఎవరైనా చెబితే, విన్నవాళ్ళు నమ్మరు. అమ్మమ్మలు చెప్పే కథ అనుకుంటారు.