కుండలు క్షేమం

మా ఊరి పక్కన అడవి అంచున కడుతున్న ఆయిల్‌పామ్ మిల్లులో ఆమధ్య ఒక బుధవారం నాడు ఎటువంటి ప్రమాదమూ జరగలేదని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. అక్కడి కూలి దస్రు నెత్తికి పడ్డ కుట్లు అతని సొంత వ్యవహారం.

నమ్మకం లేనివారు హైదరాబాదు పోయి, మిల్లు పెద్దాఫీసు గోడకున్న తెరను చూసుకోవచ్చు.

ఆ తెర సంగతి ముందు చెప్పాలి. వెనకటికి మేస్త్రీలు నెత్తికి తువ్వాల చుట్టి, మైసమ్మకో మరియమ్మకో దండం పెట్టి పరంజా ఎక్కేవాళ్ళు. అది మొరటు కాలం. ఇప్పుడు మిల్లు యజమాని వెంకటరామారావు గారు బుద్ధి గల హెల్మెట్లు తెప్పించారు. పచ్చగా, నున్నగా, పండిన గుమ్మడికాయల్లా ఉంటాయి. ఒక్కొక్కదాని లోపల గోరంత చిప్. అది నెత్తి వేడిని కనిపెట్టి, మనిషి హెల్మెట్ పెట్టుకున్నాడో లేదో చెబుతుంది. హెల్మెట్ మీద దెబ్బ పడితే, తిన్నవాడు "అమ్మా" అనేలోపే హైదరాబాదులో తెర ఎర్రబడుతుంది. లేదంటే ఆకుపచ్చ. ఏడాది పొడుగునా ఆకుపచ్చగా ఉన్న మిల్లుకు 'సురక్షా రత్న' బిరుదు ఇస్తారు.

హెల్మెట్లు దిగిన రోజు యజమాని కొబ్బరికాయ కొట్టారు. సేఫ్టీ ఆఫీసరు బెంజమిన్ ప్రార్థన చేశాడు. పసుపూ కుంకుమా పెట్టారు గానీ, పైనున్న ప్లాస్టిక్ కవర్లు మాత్రం విప్పలేదు. కొత్త వస్తువుకు కవరు విప్పడం మన ఇంటావంటా ఉందా? యజమాని గారు కారు కొని నాలుగేళ్ళయింది. ఎండాకాలం ఆయన కారు దిగితే సీటు కవరు కూడా ఆయన్ని పట్టుకొని దిగుతుంది.

"కార్మిక సోదరులారా! మీ ప్రాణమే మా ప్రాణం. ఈ హెల్మెట్ మీ తలకు తల్లి. కన్నతల్లిని చూసుకున్నట్టు దీన్ని చూసుకోండి. గీత పడకూడదు" అని ఆయన ఉపన్యసించారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు దస్రు.

వారం తిరక్కుండానే పైనుంచి బోల్టు జారి దస్రు హెల్మెట్ మీద పడింది. హెల్మెట్ పగిలింది, నెత్తి పగల్లేదు. వాడింకా పైకి చూస్తూనే ఉన్నాడు, హైదరాబాదు నుంచి ఫోను మోగింది. సాయంత్రానికి రెండు కార్లలో విచారణ సంఘం దిగింది. హెల్మెట్‌ను తెల్లగుడ్డ మీద పడుకోబెట్టి నాలుగు వైపులా ఫొటోలు తీశారు. దస్రు వైపు ఎవరూ చూడలేదు. వాడికేమీ కాలేదు గనుక అది న్యాయమే.

బోల్టు పడేచోట హెల్మెట్ ఉండటమే ప్రమాదానికి మూలకారణమని సంఘం తేల్చి, హెల్మెట్లు కొత్తవి గనుక ఈ ఒక్క ఎరుపునూ బిరుదు లెక్కలోంచి కొట్టేసింది. కాబట్టి ఇకమీదట ప్రమాదకరమైన చోటికి ఎవరూ హెల్మెట్‌తో వెళ్ళరాదు.

"సారూ, టోపీ తీస్తే నెత్తి పగుల్తది గద?" అని దస్రు బెంజమిన్‌ను అడిగాడు.

"పగిలినా రిపోర్టు పోదురా. నీ నెత్తిల చిప్ లేదు. నువ్వేం భయపడకు" అని బెంజమిన్ ధైర్యం చెప్పాడు.

ఒక్క చిక్కు మిగిలింది. హెల్మెట్ల కింద వేడి లేకపోతే ఎవరూ పెట్టుకోలేదని హైదరాబాదుకు తెలిసిపోతుంది. అందుకని వంటశాలలో పనిచేసే మంగమ్మకు కొత్త బాధ్యత అప్పగించారు. నలభై కుండల్లో గోరువెచ్చని నీళ్ళు పోసి, మూతలు పెట్టి, వాటి మీద హెల్మెట్లు బోర్లించాలి. మంగమ్మ దస్రు పెళ్ళామే.

ఆ రోజు నుంచి హైదరాబాదు తెర మీద నలభై తలలు నిదానంగా వెలుగుతున్నాయి. బీడీ తాగడానికి పోవు, ఎదురు మాట్లాడవు. ఇంత క్రమశిక్షణ గల కార్మికులను దేశంలోనే చూడలేదని పెద్దాఫీసు మెచ్చుకుంది. ఒకనాడు పొయ్యి పక్కనున్న రెండు కుండలు కాస్త ఎక్కువ కాగితే, ఆ ఇద్దరికీ జ్వరమని తలచి జీతం కోయకుండా సెలవిచ్చింది. దస్రుకు చలిజ్వరం వచ్చినప్పుడు ఆ వసతి కుదరలేదు.

"అయ్యా, గా టోపీ ఒక్కటి మా ఆయనకియ్యరాదుండ్రి? కుండ పగిల్తే సంతల ఇంకోటి కొనుక్కొస్త" అని మంగమ్మ యజమానిని బతిమాలింది.

"చూడమ్మా, నీకు మొగుడు ముఖ్యమా, మిల్లు పేరు ముఖ్యమా?"

"మొగుడే."

చదువులేని మనిషని ఆయన పెద్దమనసుతో క్షమించారు.

ఆ బుధవారం నాడు పరంజా మీంచి ఇనుపముక్క జారింది. ఈసారి దారిలో హెల్మెట్ లేదు. దస్రు నెత్తురు కారుతూ మట్టిలో కూలబడ్డాడు. బెంజమిన్ ఉరికాడు, ఫోను దగ్గరికి.

"సార్, తెర ఏ రంగుల ఉంది?"

"ఆకుపచ్చ. ఏం?"

"ఏం లేదు సార్."

మిల్లుకు సొంత అంబులెన్సు ఉంది. తెర ఎర్రబడనిదే కదలరాదని దాని నిబంధన. డ్రైవరు స్టీరింగు మీద కాళ్ళు పెట్టుకొని ఉన్నాడు.

మంగమ్మ గరిటె చేతపట్టుకొనే ఉరికొచ్చింది. "ఏంది సారూ! మనిషి పాణం పోతుంటే బండి కదలదా?"

"ప్రమాదం జరిగితే కదుల్తదమ్మా. జరగలేదు" అన్నాడు బెంజమిన్, కళ్ళొత్తుకుంటూ.

మంగమ్మ గిర్రున వెనక్కి తిరిగింది. వంటశాలలోకి పోయి, రోకలి ఎత్తి, మొదటి కుండ మీది హెల్మెట్‌ను ఒక్కటి వేసింది. హెల్మెట్ పగిలింది, దాని కింద కుండా పగిలింది. హైదరాబాదు ఎర్రబడింది. నీళ్ళు నేలకు ఇంకకముందే సైరను మోగింది. ఇద్దరు మనుషులు స్ట్రెచరు పట్టుకొని, దస్రును దాటుకొని, వంటశాలలోకి దూసుకుపోయి హెల్మెట్‌ను పడుకోబెట్టారు. బయటికి వస్తుంటే మంగమ్మ అడ్డం నిలబడింది.

"గా టోపీ గీనదే. గీన్ని గూడ ఎక్కించుండ్రి."

హెల్మెట్‌కు తోడుగా దస్రు సత్తుపల్లి దవాఖానాకు చేరాడు. కుట్లు వేశారు. కళ్ళు తెరిచాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారట.

మళ్ళీ విచారణ జరిగింది. ఇది ప్రమాదం కాదు, కంపెనీ ఆస్తి విధ్వంసం అని తేలింది. తెర తిరిగి ఆకుపచ్చబడింది. మంగమ్మ పని పోయింది. బిరుదు మాత్రం వచ్చింది. "మా మిల్లులో ఒక్క తలకూ గాయం కాలేదు" అని యజమాని గారు వేదిక మీద గద్గదస్వరంతో చెప్పారు. ఆయన ఉద్దేశించిన తలలు వంటశాలలో క్షేమంగానే ఉన్నాయి. ఒక్కటి తక్కువ, అంతే.

ఇప్పుడు మంగమ్మ మా క్రాస్‌రోడ్డు దగ్గర అంబలి అమ్ముతోంది. నిన్న అక్కడే కూర్చొని పదిమందికీ ఈ కథ చెప్పాను. పొట్టలు పట్టుకొని నవ్వారు. ఆ యజమానిని తిట్టారు, బెంజమిన్‌ను తిట్టారు. గ్లాసులు ఖాళీ చేసి మోటార్‌సైకిళ్ళు ఎక్కారు. ఒకరి హెల్మెట్ మోచేతికుంది, ఒకరిది హ్యాండిల్‌కు వేలాడుతోంది, ఒకరిది ఇంకా కవర్లోనే ఉంది. అంతలో ఎవరో "ముంగట పోలీసోళ్ళున్నరట" అన్నారు. అందరూ చకచకా పెట్టుకున్నారు. "లేరంట, పోయిండ్రంట" అన్నారు ఇంకెవరో. అందరూ తీసేశారు.

మంగమ్మ గ్లాసులు కడుగుతూ తలెత్తింది.

"ఓ అన్నలూ, మీకన్న నా కుండలే నయం. పోలీసోడున్నా లేకున్నా పెట్టుకునే ఉండేటియి."