పొట్టేలు మీద పెట్టిన జబ్బు

కట్టంగూర్ ఆవలి చిన్న ఊళ్లో మల్లన్నకు ఆ పొద్దు ఒకటే పని. భార్య గుర్వమ్మ తమ్ముడు సైదులు వస్తే, విత్తనప్పొట్టేలును అతని మంద కోసం అప్పగించాలి. మంచు ఇంకా విడలేదు. పత్తిచేలు, గట్లు, దొడ్డి చుట్టూ పాతిన కంప అన్నీ పాలలో నానినట్టున్నాయి. అరవై నాలుగేళ్ల మల్లన్న భుజాన గొంగడితో ఆ తెల్లదనంలోకి చూస్తూ నిలబడ్డాడు. గొర్రెలను లెక్కపెట్టమంటే మబ్బులను లెక్కపెడతాడని గుర్వమ్మ దెప్పుతుండేది.

ఆ పగటికలలను తెంపేది ఒక్కటే. ఆరు నెలలుగా గంటకోసారి కంపచెట్ల వెనక్కి పోవలసి వస్తోంది. పోయినా సన్నటి ధార వచ్చి, ఆగి, మళ్లీ వచ్చి, పని పూర్తయిందో లేదో తెలియకుండా సతాయిస్తోంది. భార్యకు చెప్పాలంటే సిగ్గు. డాక్టరుకు చెప్పాలంటే భయం.

మూడోసారి తిరిగివస్తుంటే గుర్వమ్మ ఎదురుపడింది.

"పొద్దుగాలసంది ఆడ ఏం జేస్తున్నవయ్యా?"

"పొట్టేలును చూస్తున్న. దానికి మూత్రం సక్కగ వస్తలేదు" అనేశాడు, నోటికొచ్చింది.

గుర్వమ్మ వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. సైదులు అప్పుడు ఊరి మొదట్లో హోటల్ దగ్గర చాయ్ తాగుతున్నాడు. "పొట్టేలుకు మూత్రం వస్తలేదా?" అని పదిమందికీ వినబడేలా అడిగాడు. గ్లాసులు ఖాళీ అయ్యేలోపు దానికి మూత్రం పూర్తిగా బందైంది. మాట ఊళ్లోకి వచ్చేసరికి అది అంటురోగమైంది. మిగతావాళ్లు తమ గొర్రెలను వేరే దారిన తోలుకుపోయారు. ఎవరో పశువుల అంబులెన్సును పిలిచారు.

బండి దిగిన డాక్టరు కోమల పొట్టేలు పొట్ట నొక్కి చూసింది. "లోపల రాయి అడ్డం పడ్డదేమో. పోసేదాక చూద్దాం. జర సీసా పట్టుండ్రి" అంది. సైదులు సీసాతో పొట్టేలు కింద గొంతుక్కూర్చున్నాడు. ఊరంతా చుట్టూ చేరింది. పొట్టేలు ఎటో చూస్తూ తీరిగ్గా నెమరు వేసింది. గంట గడిచింది. జనం గుసగుసలు దూరపు వాగులా వినిపించి మల్లన్నకు కళ్లు మూతలు పడ్డాయి. మబ్బుల్లో మంద నడుస్తోంది. ఎక్కడో కాలువ తూము ఎత్తారు. నీళ్లు, నీళ్లు... ఉలిక్కిపడి లేచి కంపచెట్ల వైపు ఉరికాడు.

"బావా, నువ్వెటు పోతున్నవ్? గీడ నా మోకాళ్లు గుంజుతున్నయ్!" అని అరిచాడు సైదులు.

తిరిగొచ్చిన భర్తను గుర్వమ్మ ఎగాదిగా చూసింది. "పొట్టేలు ఒక్కపారి పొయ్యలే. నువ్వు నాలుగుపార్లు పోయొచ్చినవ్."

కోమల కాగితం తీసింది. "ఎన్నాళ్లసంది గిట్ల, తాతా?"

"ఆర్నెల్లయితాంది బిడ్డా."

"రాత్రిళ్లు?"

"ఐదారుపార్లు లేస్తది. జర కన్ను మలిగేసరికి మల్ల లేస్తది."

"దీని తండ్రికి గిట్ల ఏమన్న ఉండెనా?"

మల్లన్న చూపు మంచు అంచున నిలిచిపోయింది. "ఉండె బిడ్డా. ఎవ్వలకు చెప్పలే. ఆఖరికి నడుము నొప్పని మంచంల పడ్డడు. నేనే పక్కన కూసొని నీళ్లు తాపిన."

కోమల పెన్ను ఆగింది. "మంచంలనా?"

అంతలో పొట్టేలు సైదులు చేతుల మీదుగా ధారాళంగా పోసింది.

జనం పడీపడీ నవ్వుతూ చెదిరిపోయారు. కోమల మాత్రం నవ్వలేదు. మల్లన్నను బండి చాటుకు తీసుకుపోయింది.

"తాతా, పొట్టేలుకు ఏం లేదు. వయసు మీద పడితే మగవాళ్లకు లోపల ప్రోస్టేట్ అని ఒక గ్రంథి పెరుగుతది. శానామందికి గంతే, మందులతో తగ్గుతది. కానీ నడుము నొప్పితోని మంచంల పడ్డడంటే మీ బాపుది క్యాన్సర్ కావచ్చు. తండ్రికుంటే కొడుక్కు వచ్చే ప్రమాదం ఎక్కువ. నల్లగొండ పెద్ద దవాఖానకు పోయి రక్తపరీక్ష చేయించుకోండ్రి."

"నవ్వుతరు బిడ్డా."

"నవ్వుడు అయిపోయింది గదా. ఇంకేం ఫికర్?"

బండికి అవతల నిలబడి గుర్వమ్మ అంతా వింది. తిడుతుందనుకున్నాడు మల్లన్న. ఆమె అతని గొంగడి అంచు పట్టుకుంది. "గొర్రెకు జరమొస్తే నాకు చెప్తవు. నీకొస్తే చెప్పవా?" అంది. తెల్లారి ఇద్దరూ నల్లగొండ బస్సెక్కారు.

రక్తపరీక్షలో అంకె ఎక్కువగా వచ్చింది. స్కానింగ్ తీశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. అయితే గ్రంథి దాటి బయటికి పాకలేదు. "జల్దీ వచ్చిండ్రు. నయమైతది" అన్నాడు డాక్టరు. ఆ మాట బాపుకు ఎవరూ చెప్పలేదు కదా అని మల్లన్న కిటికీ వైపు తిరిగాడు.

పట్నంలో కొన్ని వారాలు రేడియేషన్ ఇచ్చారు. మొదటిరోజు నర్సు గ్లోరీ నీళ్ల సీసా చేతికిచ్చింది. "పెద్దనాయనా, మొత్తం తాగాలె. మిషిన్ ఆగేదాక ఆపుకోవాలె."

"గదే చాతనైతే నేను ఈడికెందుకొస్త బిడ్డా?"

గ్లోరీ నవ్వు ఆపుకోలేకపోయింది. అతను మాత్రం ఆపుకున్నాడు. మిషను సన్నగా రొద చేస్తూ తిరుగుతుంటే, తెల్లటి గది మెల్లగా కరిగిపోయి, అందులోంచి గొర్రెలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. రోజూ అవి పూర్తిగా దాటిపోకముందే లేపేసేవాళ్లు.

చికిత్స ముగిసి, అంకె దిగి, ఊరికి వచ్చేనాడు బస్సులోనే మల్లన్న తల దించుకున్నాడు. ఊరంతా మళ్లీ నవ్వుతుందని. ఒక్కరూ నవ్వలేదు. సాయంత్రం సైదులు ఒంటరిగా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"బావా, గా రక్తపరీక్షకు బాగ నొప్పి లేస్తదా?"

"సూది గుచ్చినంత. ఎందుకు?"

"నాకు కాదు. మా ఊళ్లె ఒకాయన అడుగుమన్నడు."

మల్లన్న అతని మొహంలోకి చూసి, చూపు మళ్లించుకున్నాడు. "గా ఒకాయనను కోమల డాక్టరమ్మను అడుగుమను. ఆమె నవ్వదు."

ఆ వారం పశువుల దవాఖానకు ఆరుగురు పెద్దమనుషులు వచ్చారు. ఒక్కరి వెంటా పశువు లేదు.