శివారు పొలంలో కరెంటు పంట

కృష్ణా డెల్టా వరి పండించింది చాలు. ఇక కరెంటు పండించాలి!

నవ్వకండి. గూడూరు దగ్గర శివారు రైతు సూరయ్య ఆ పనికి దిగాడు. శివారంటే తెలుసుగా? కాలువ చిట్టచివర. కాలువ ఉంటుంది, కాలువలో నీళ్లుండవు. ఎంత అదృష్టం! బురద లేదు, దోమల్లేవు, నారు పోసే పనే లేదు. గట్టు మీద కూర్చుని ఎగువ ఊళ్ల పచ్చదనం హాయిగా చూసుకోవచ్చు.

అలాంటి అదృష్టవంతుణ్ని వెతుక్కుంటూ, కట్టె కాల్చి కరెంటు తీసే కంపెనీ ఒకటి వచ్చింది. అవగాహన సదస్సు పెట్టింది. ఊళ్లో కరెంటు లేదు కనుక జనరేటర్ మీద నడిపింది.

"సుబాబుల్ చెట్లు వెయ్యండి, కట్టె మేం కొంటాం. ఒకసారి నాటితే నరికిన కొద్దీ చిగురిస్తుంది. నీళ్లే అక్కర్లేదు!" అన్నాడు కంపెనీ ఆఫీసరు రామబ్రహ్మం. మిగిలిన కొమ్మారెమ్మా బయోచార్ చేసుకోవచ్చట. అంటే బొగ్గే, కాకపోతే ప్యాంటు తొడుక్కున్న బొగ్గు.

"అది నేలలో కలిపితే నీళ్లని పట్టి ఉంచుతుందమ్మా."

"పట్టి ఉంచడానికి నీళ్లేవండీ?" అంది సూరయ్య భార్య సుబ్బరత్నమ్మ.

ఇలాంటి ప్రశ్నల వల్లే సైన్సు వెనకబడిపోతోంది!

సూరయ్యకు ఉన్నదల్లా ఆ పొలం చెక్కే. అదీ బీడు పడితే తట్టాబుట్టా సర్దుకుని బందరులో రిక్షా తొక్కుకోవాలి. ఆ భయంతోనే మొక్కలు నాటాడు. మోకాలెత్తు పెరిగాయి. రామబ్రహ్మం వాటి పక్కన నిలబడి ఫొటో కూడా దిగాడు.

అంతలో ఘోరం జరిగింది. కాలువకు నీళ్లొచ్చాయి!

ఎగువన ఎవరు ఏమరుపాటున ఉన్నారో తెలియదు. సూరయ్య పార పట్టుకుని పరుగెత్తాడు. డెల్టాలో పుట్టినవాడికి పారే నీళ్లు కనిపిస్తే చేతులు ఊరుకుంటాయా? కాలువ గట్టున మడవ తెరిచాడు. మళ్లీ వస్తాయో రావోనని పొలం నిండా పెట్టి, చుక్క బయటికి పోకుండా కట్టేశాడు. కొన్నాళ్లకే సుబాబుల్ వేళ్లు కుళ్లి, మొక్కలన్నీ తలలు వాల్చేశాయి.

రామబ్రహ్మం వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "నీళ్లక్కర్లేని మొక్కకి నీళ్లెందుకు పెట్టావయ్యా? బుద్ధుందా?"

సూరయ్య బురదలో నిలబడి ఉన్నాడు. పంట పోగొట్టుకున్నవాడి మొహంలా లేదది. ఎన్నాళ్లకో కడుపు నిండినవాడిలా ఉన్నాడు.

"నీళ్లొచ్చాయండీ!" అన్నాడు. అని, పెళ్లాన్ని కేకేశాడు. "ఏమేవ్, పామర్రు వైపు ఎవరి దగ్గరైనా నారు మిగిలిందేమో కనుక్కో. ఇంకా అదును దాటలేదు."

విన్నారా? అందుకే పెద్దలకు మనవి. కరెంటు పంట బతకాలంటే శివారుకు పొరపాటున కూడా నీళ్లు వదలకండి. ఇన్నాళ్లూ చూపించిన శ్రద్ధే ఇకముందూ చూపిస్తే చాలు!