లారీ వచ్చిందా?

ఆ సోమవారం పొద్దున కృష్ణగిరిలోని బాలసుబ్రమణ్యం మామిడి మండీలో అనుకున్నది చిన్న పనే. రెండు వందల క్రేట్ల తోతాపురి కాయలు ఒక లారీకెక్కి, మధ్యాహ్నం పన్నెండు లోపల పక్కనున్న గుజ్జు ఫ్యాక్టరీకి చేరాలి. కాకపోతే ఈసారి లారీని పిలిచేది ఇరవై రెండేళ్లుగా ఆ పని చేస్తున్న నంజప్ప కాదు, యజమాని కోడలు లక్ష్మీప్రియ ఆయన ఫోన్‌లో పెట్టిచ్చిన ఏఐ ఏజెంటు. అది సరిగ్గా పనిచేస్తే నంజప్ప సొంతూరు అత్తిముగం పోయి విశ్రాంతి తీసుకోవచ్చని యజమాని చెప్పేశారు. విశ్రాంతి అన్న మాట విన్నప్పటినుంచి నంజప్పకు అన్నం సహించడం లేదు.

లక్ష్మీప్రియ మంచి పిల్ల. అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అంతా చూపించింది. ఏజెంటుకు రెండు టూల్స్ ఇచ్చింది. ఒకటి లారీని పిలిచేది, ఇంకొకటి పిలిచిన లారీ ఎక్కడుందో చూసేది. ఏది ఎప్పుడు వాడాలన్నది వాటి కింద రాసిన వివరణ చదివే అది తెలుసుకుంటుందట. మొదటిదాని కింద "లారీ సంగతి ఏదైనా ఇది వాడాలి" అని రాసింది. రెండోదాని కింద "వివరాలకు" అని రాస్తుండగా ఆఫీసు నుంచి ఫోనొచ్చి, అంతటితో ఆపేసింది.

బాలసుబ్రమణ్యానికి ఒక అలవాటుంది. లారీకి చెప్పిన నిమిషం నుంచి అది వాకిట్లో ఆగేదాకా "లారీ వచ్చిందా?" అని అడుగుతూనే ఉంటారు. అడక్కపోతే ఆయనకు ఊపిరాడదు. నంజప్ప వీధి వైపు చూడకుండానే "వస్తా ఉందయ్యా" అంటాడు. దాంతో ఇద్దరికీ సరిపోతుంది.

ఎనిమిదింటికి ఏజెంటు లారీని పిలిచింది. పది నిమిషాలకు ఆయన అడిగారు. "లారీ ఏర్పాటు చేశాను" అంది. మళ్ళీ అడిగారు, అదే జవాబు. గట్టిగా అడిగారు, అంతే మర్యాదగా అదే జవాబు.

"ఇంత ఓపిగ్గా నువ్వు ఒక్కనాడన్నా చెప్పినావా నంజప్పా?" అన్నారు మురిసిపోతూ. క్రేట్లు సర్దుతున్న నంజప్ప తల దించుకున్నాడు.

తొమ్మిదిన్నరకు శూళగిరి నుంచి లారీ వచ్చింది. దాని వెనకే సామల్పట్టి నుంచి ఒకటి, ఊత్తంగరై నుంచి రెండు. ఆ ఇరుకు సందులో ముందున్నది వెనక్కి రాలేదు, వెనకున్నవి ముందుకు పోలేవు. ఎవరిని ముందు పిలిచారన్న దానిమీద డ్రైవర్లు మూడు భాషల్లో తగువు పెట్టుకున్నారు. ఇన్ని లారీలు ఎందుకని యజమాని ఫోన్‌లో అరిచారు. ఏజెంటు ఇంకో లారీ ఏర్పాటు చేసింది. ఒక్క లారీ కూడా వద్దన్నారు. మరొకటి ఏర్పాటు చేసింది. ఆయన అరిచినన్నిసార్లూ అంతే.

కబురు విని లక్ష్మీప్రియ పరుగున వచ్చేసరికి సందులో తొమ్మిది లారీలు. టైము పదిన్నర. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతదాకా లోలోపల కాస్త సంబరపడుతున్న నంజప్పకు అది చూసి సిగ్గేసింది. లేచి నిలబడి, ఇరవై రెండేళ్లలో ఎన్నడూ అనని మాట అన్నాడు.

"అయ్యా, మీరు రొంతసేపు నోరు మెదపొద్దు."

నిర్ఘాంతపోయి ఆయన నిజంగానే మెదపలేదు. నంజప్ప చుట్టుపక్కల మండీలకు ఫోన్లు చేశాడు. మామిడి సీజన్లో లారీ వద్దనేవాడెవడు? చివరినుంచి ఒక్కొక్కటే సందులోంచి కదిలింది. ఈలోపు శూళగిరి లారీకి క్రేట్లు ఎక్కించారు. అది పన్నెండుకు ఐదు నిమిషాల ముందు ఫ్యాక్టరీ గేటు దాటింది.

మధ్యాహ్నం లక్ష్మీప్రియ కంప్యూటరు ముందేసుకుని కూర్చుంది. ఏజెంటు తప్పేం లేదని, చెప్పాల్సింది తనే సగంలో వదిలేశానని ఒప్పుకుంది. నంజప్ప అయితే ఏం చేస్తాడో చెప్పమంది, ఉన్నదున్నట్టు రాసుకుంటానంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"కాయలు క్రేట్లకెత్తినాకనే లారీని పిలవాల. ఒకటి పిలిచినాక ఆ సరుక్కి ఇంకోటి పిలవగూడదు. అయ్య లారీ వచ్చిందా అంటే పిలవమని కాదమ్మా, యాడుందో చూసి చెప్పాల. కోపంగా అడిగినా అంతే. వద్దంటే అసలు కదలగూడదు."

లక్ష్మీప్రియ అంతా రాసుకుని తలెత్తింది. "ఇంకా పదకొండు టూల్స్ పెట్టాల నంజప్పన్నా. నువ్వు ఊరికి పోతే వాటికి ఎవరు చెప్తారు?"

ఆ పూట నంజప్ప రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. అయినా యజమాని మాత్రం ఉండమనలేదని దిగులు ఉండనే ఉంది.

మర్నాడు ఏజెంటు ఒక్క లారీనే పిలిచింది. బాలసుబ్రమణ్యం ఆరుసార్లు అడిగితే ఆరుసార్లూ అది ఎక్కడుందో, ఎన్ని నిమిషాల్లో వస్తుందో చెప్పింది. తప్పు పట్టడానికేమీ లేదు. ఆయన ఫోన్ వైపు కాసేపు అనుమానంగా చూసి, దాన్ని బోర్లా పెట్టారు.

"నంజప్పా, లారీ వచ్చిందా?"

నంజప్ప వీధి వైపు చూడకుండానే "వస్తా ఉందయ్యా" అన్నాడు.