అది మిరప ఘాటేనండీ!

“ఈ ఇంట్లో ఒక్కరు దగ్గినా చాలు, ఇక మన పని అయిపోయినట్టే!” అని ఆ ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే పైకి అనేశాను. అప్పటికి మా ఇంట్లో ఎవరూ దగ్గలేదు. కనీసం గొంతు కూడా సవరించుకోలేదు. కరోనా రెండోసారి వచ్చిందనీ, ఈసారి వయసు చూడట్లేదనీ టీవీలో చెబుతుంటే నోరు ఊరుకోక అన్నానంతే.

ఆ మాట ఇప్పుడు నలుగురి ముందూ వెనక్కి తీసుకుంటున్నాను. నాది ఉత్త పిరికితనం. రాజకీయాలు గట్టిగా ఉన్న ఊరికి ఏ జబ్బూ రాదు! వచ్చినా ఒప్పుకోరు. ఎవరూ ఒప్పుకోని జబ్బు ఉన్నట్టా, లేనట్టా? మీరే చెప్పండి.

మాది వినుకొండకు పోయే దారిలో ఒక పల్లె. మిరప, పత్తి తప్ప ఇంకోటి తెలియదు. పట్నాల్లో మీకు కరోనా ఉందో లేదో తేలాలంటే ముక్కులో పుల్ల పెట్టించుకుని, రిపోర్టు కోసం రెండు రోజులు గుండె చేత్తో పట్టుకుని కూర్చోవాలట. మాకా అవస్థ లేదు. ఏ వీధిలో నిలబడి అడిగారన్నదే మాకు టెస్టు!

సర్పంచ్ యలమందయ్య గారి వీధిలో అడగండి. “మనవైపు ఒక్క కేసు లేదు. ఉంటే గింటే ఆ వైపే ఉండాలి” అంటారు. ఫిబ్రవరి ఎలక్షన్లో ఆయన మీద ఓడిపోయిన నాగేంద్రబాబు గారి వీధిలో అడగండి. “ఊరంతా కరోనానే! సర్పంచే ఊరేగింపు చేసి తెచ్చాడు. మావైపు మాత్రం దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ లేదు” అంటారు. రెండు వైపులా లేదంటున్నారు. మూడో వైపు మా ఊరికి లేదు. ఇక కరోనాకు నిలబడే చోటేదీ?

దీనికి తోడు భగవంతుడు మాకు మిరప ఘాటును ఇచ్చాడు. కోతలు మొదలైన దగ్గర్నుంచీ ఊరి చుట్టూ కల్లాలే. ఎర్రగా పరిచిన కాయను తిరగేసినప్పుడల్లా గాలంతా మంట. తుమ్మని మనిషి ఉండడు. కళ్ళు ఎర్రబడతాయి, ముక్కు కారుతుంది, గొంతు గరగరలాడుతుంది. టీవీలో డాక్టరు గారు ఏ లక్షణం చెప్పినా, “ఇది మాకు ఏటా ఉండేదేగా!” అనెయ్యొచ్చు. ఈ సౌకర్యం వరి పండించే వాళ్ళకుందా? పాపం, వాళ్ళు దగ్గితే జబ్బు అని ఒప్పుకోవాల్సిందే!

మా వీధికి ఆశా వర్కరు షమీమ్. రోజూ రిజిస్టరు చంకన పెట్టుకుని, మాస్కు మీద చున్నీ కూడా చుట్టుకుని ఇంటింటికీ వచ్చి అడిగేది. ఎదురింటి ఆయనతో ఆ పిల్ల మాట్లాడుతుంటే మా అరుగు మీదికి స్పష్టంగా వినిపించేది.

“బాబాయ్, దగ్గేమన్నా ఉందా?”

“లే... లేదమ్మా” అని ఆయన దగ్గులో నుంచే చెప్పేవాడు.

“మరి ఇదేంది?”

“ఘాటమ్మా, ఘాటు.”

“మీ కాయ మొన్ననే గుంటూరు యార్డుకి తోలారుగా?”

“కాయ పోతే ఘాటు పోద్దా ఏంది? కల్లంలో ఉండిపోద్ది!”

“ఒళ్ళు కాలతందిగా?”

“ఎండ!”

“వాసన తెలుస్తందా?”

“ఘాటుకి ముక్కు చచ్చిపోయింది తల్లీ!”

“సరే బాబాయ్, మిరపకాయకే మందు రాసిచ్చి పోతా” అని ఆ పిల్ల నవ్వలేక నవ్వి పక్కింటికి పోయేది.

నవ్వకండి. ఆయన తెలివితక్కువవాడు కాడు. ఒక్కరికి పాజిటివ్ వచ్చిందంటే వీధికి అడ్డంగా కర్రలు కడతారు. కర్రలు చూస్తే కోతకు కూలీలు రారు. కూలీలు రాకపోతే చెట్టు మీదే కాయ రంగు చెడి తాలైపోతుంది. ముక్కులో పుల్ల పెడితే చేలో పంట పోయే ఊళ్ళో ఏ రైతు ముక్కు చూపిస్తాడు?

మాస్కుల సంగతి చూడండి. మిరప తిరగేసేటప్పుడు మా మగవాళ్ళు తువ్వాలుతో కళ్ళు మాత్రం కనపడేలా మొహం బిగించి కట్టుకుంటారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా విప్పరు. కల్లం దిగి టీ కొట్టు దగ్గరికి రాగానే విప్పేస్తారు! మిరపకాయకు భయపడితే రైతు, కరోనాకు భయపడితే పిరికోడు. పైగా మొహం కప్పుకుంటే ఏ పార్టీవాడో ఎలా తెలుస్తుంది?

ఆ ఇబ్బందీ పెద్దలే తీర్చారు. రెండు పార్టీలూ తమ తమ రంగుల్లో మాస్కులు కుట్టించాయి. పంచాయతీ ఆఫీసు దగ్గర మాస్కుల పంపిణీ సభ పెట్టారు. మూడొందల మంది ఒకరి మీద ఒకరు పడి మాస్కులు అందుకున్నారు. ఫొటో తీసేటప్పుడు, మొహాలు పేపర్లో కనపడవేమోనని అందరూ వాటిని గడ్డం కిందికి లాక్కున్నారు. ఆ ఫొటో చక్కగా వచ్చింది. ఒక్కరి ముక్కూ దాగలేదు!

ఇక టీకా. రాజకీయాలే లేకపోతే మా ఊళ్ళో టీకా వేయించుకునేవాడే లేడు. ఈ మాట ప్రమాణం చేసి చెబుతాను.

మొదటి రోజు బడిలో క్యాంపు పెడితే యలమందయ్య గారు రిబ్బన్ కట్ చేశారు. అంతే! అవతలివైపు నుంచి పురుగు కూడా రాలేదు. “మేం ఓడిపోయి రెణ్ణెల్లు కాలేదు. అప్పుడే వాళ్ళ చేత సూది పొడిపించుకుంటామా?” అన్నారు. అది టీకా కాదనీ, ఉత్త నీళ్ళనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇవతలివైపు వాళ్ళేమో, “నాలుగు రోజులు ఆగి చూద్దాం. ముందు వేయించుకున్నవాళ్ళు ఏమవుతారో” అని ఆగారు. షమీమ్ సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని పదకొండు మందికి వేయించింది. ఆ పదకొండులో నేనూ, మా ఆయనా ఉన్నాం. నాకు టీకా అంటే భయమే. వేయించుకోకపోవడమంటే ఇంకా భయం.

వారం తిరక్కుండా టీకాలు అయిపోయాయన్నారు. ఉన్న నాలుగు డోసులూ సర్పంచ్ వాళ్ళవైపే సర్దేశారని పుకారు లేచింది. ఇక చూడండి నా సామిరంగా! నీళ్ళన్నవాళ్ళే, ఆ నీళ్ళు మాకెందుకు ఇవ్వరని రోడ్డు మీద బైఠాయించారు. అది చూసి ఇవతలివాళ్ళకు పౌరుషం వచ్చింది. ఈసారి టీకాల బండి రాగానే, కంపౌండరు దిగకముందే రెండు వైపులా లైన్లు కట్టారు. ప్రాణం మీద తీపితో రానివాళ్ళు పక్కవాడికి దక్కకూడదని వచ్చారు! ఏ పెద్ద డాక్టరు ఇంత పని చేయించగలడు?

అయితే అది నలభై అయిదు దాటినవాళ్ళకే. మా లక్ష్మీకాంత్‌కు ఇరవై ఎనిమిది.

లక్ష్మీకాంత్ మా అబ్బాయి. మా ఆరెకరాల మిరప చూసుకుంటూ, ఫిబ్రవరిలో యలమందయ్య గారి వైపున వార్డు మెంబరుగా నిలబడి పదకొండు ఓట్ల తేడాతో గెలిచాడు. చిన్నప్పుడు వాడు ముక్కు చీదినా డాక్టరు దగ్గరికి పరిగెత్తినదాన్ని. ఆ ఏప్రిల్ చివర్లో వాడు దగ్గాడు.

“ఏంట్రా ఆ దగ్గు?” అన్నాను.

“ఘాటమ్మా.”

నేను నమ్మాను. నమ్మితే వీధికి కర్రలు ఉండవు, కూలీలు వస్తారు, నాగేంద్రబాబు మనుషులకు నవ్వే అవకాశం ఉండదు. ఇన్ని లాభాలున్న మాటను ఏ తల్లి నమ్మదు? షమీమ్ వచ్చి అడిగితే, “మావాడికి ఘాటు పడలేదమ్మా, అంతే” అని నేనే చెప్పి పంపాను. మూడు రోజులు చెప్పాను.

మావాడు నాకంటే తెలివైనవాడు. ఇంట్లో దగ్గితే ఎవరికైనా అనుమానం రావచ్చని మంచం తీసుకుపోయి కల్లంలో కాయరాశి పక్కనే వేసుకున్నాడు. అక్కడ దగ్గితే అడిగేవాడెవడు? రాశి పక్కన దగ్గే హక్కు అందరికీ ఉంది. నాలుగో రోజుకు నడుస్తుంటే రొప్పు వస్తోంది. “ఎలక్షన్లో అరిచి అరిచి ఊపిరితిత్తులు అలిశాయిలే” అన్నాడు. ఎలక్షన్ అయ్యి అప్పటికి రెండు నెలలు దాటింది.

ఆ సాయంత్రం ఇంటికి తీసుకొచ్చి దిష్టి తీశాను. ఏడు ఎండుమిరపకాయలూ గుప్పెడు ఉప్పూ వాడి చుట్టూ తిప్పి పొయ్యిలో పడేశాను. ఎవరికైనా గట్టి దిష్టి తగిలి ఉంటే, ఆ కాయలు మాడినా ఘాటు రాదని మావైపు నమ్మకం.

నాకు ఊపిరి ఆగిపోయినంత పనైంది. కళ్ళవెంట నీళ్ళు. మా ఆయన దగ్గుకుంటూ బజార్లోకి పరిగెత్తాడు. మా అమ్మాయి హారిక ఆన్‌లైన్ క్లాసు వదిలేసి, ఫోను పట్టుకుని గొడ్లచావిట్లోకి పారిపోయింది. లక్ష్మీకాంత్ ఒక్కడే పొయ్యికి రెండడుగుల దూరంలో పీట మీద చల్లగా కూర్చుని ఉన్నాడు.

“చూశావా అమ్మా! ఇసుమంత ఘాటు రాలా!” అన్నాడు. “ఎంత దిష్టి తగిలిందో చూడు. అన్నీ ఆ నాగేంద్రబాబు కళ్ళే!”

చీరచెంగు నోట్లో కుక్కుకుని వాడి మొహంలోకి చూశాను. ఘాటు వల్ల దగ్గు వచ్చిందన్న నా కొడుక్కి, కళ్ళముందు మాడుతున్న మిరపకాయల ఘాటు తెలియడం లేదు!

పొద్దున్నే నేనే వెళ్ళి షమీమ్‌ను పిలుచుకొచ్చాను. ఆ పిల్ల వాడి వేలికి ఆక్సిజన్ చూసే మిషను పెట్టింది. ఎనభై ఏడు.

“అబ్బాయ్, వెంటనే గుంటూరు పోవాల. ఇది మామూలు సంగతి కాదు.”

“ఆ మిషను ఎక్కడ కొన్నారు? నాగేంద్రబాబు బావమరిది మందుల షాపులోనా? అది మావాళ్ళకి తక్కువే చూపిస్తది.”

“నా వేలికి తొంభై ఎనిమిది చూపించిందిగా!”

“నీ ఓటు ఎటు పడిందో నాకు తెలవదా?” అన్నాడు. ఆ ఒక్క ముక్క అనడానికి మధ్యలో మూడుసార్లు ఆగాడు.

షమీమ్‌కు కోపం రాలేదు. “నా ఓటు సంగతి నువ్వు లేచి తిరిగినప్పుడు తేల్చుకుందాంలే, ముందు లెగు” అంది.

ఇంతలో వాడి ఫోను మోగింది. స్పీకరు పెట్టాడు. యలమందయ్య గారు. “ఏరా మెంబరూ! నీ మీద ఏదో అంటున్నారు. ఇంకో వారం ఓర్చుకోరా. కోతలైపోనీ. ఇప్పుడు నువ్వు ఆస్పత్రికి పోతే మనవైపు ఉందని మనమే ఒప్పుకున్నట్టు కాదూ?”

వారం! కరెంటు బిల్లుకు వారం గడువిస్తారు. పెళ్ళికి వారం ముందు శుభలేఖలు పంచుతారు. ఊపిరికి వారం వాయిదా ఇచ్చిన నాయకుణ్ణి మా ఊళ్ళోనే చూశాను. ఆయన చెడ్డవాడని అనను. ఆయన కాయ కూడా చేలోనే ఉంది.

ఇంతసేపూ రాజకీయాలు మాకు రక్ష అని రాసుకొచ్చాను. ఇక నా వల్ల కాదు. ఆ పొద్దున నా కొడుకు దగ్గు ఏ పార్టీదో ఊరంతటికీ తెలుసు. వాడి ఒంట్లో ఊపిరి ఎంత మిగిలిందో మాత్రం ఎవరికీ అక్కర్లేదు. ఊరిని ఎందుకనాలి? ప్రతిదానికీ భయపడి చచ్చే నేను కూడా నాలుగు రోజుల పాటు వాడికి ఏమవుతుందోనని కాదు, ఎవరేమంటారోనని భయపడ్డాను.

ఫోను లాక్కుని ఆపేశాను. మంచం పట్టె మీద కూర్చున్నాను.

“ఒరేయ్ నాన్నా, ఊపిరి ఆడతందా? యలమందయ్య చెప్పింది నాకొద్దు. నాగేంద్రబాబు ఏమంటాడో నాకొద్దు. నువ్వు చెప్పు. చెబితే అయూబుని దొడ్డివైపు ఆటో తెమ్మంటా. ఒక్కళ్ళు కూడా చూడరు.”

వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

షమీమ్ గడపలోనే నిలబడింది. కల్లం నుంచి కూలీలు కాయ ఆరబోసే పట్టాలు దులుపుతున్న చప్పుడు వస్తోంది. ఎదురింట్లో ఆయన దగ్గుతున్నాడు, ఆ పక్కింట్లో ఇంకెవరో. చొక్కా కింద వాడి డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వాడి వీపు మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాను.

చాలాసేపటికి ఇటు తిరిగాడు.

“ఆడట్లేదమ్మా” అన్నాడు. కాసేపు రొప్పి, మళ్ళీ అన్నాడు. “దొడ్డివైపు వద్దు. బజారు మీదుగానే రమ్మను. ఆటోలో ఇంకో ఇద్దరికి చోటుంటది.”