ఖాళీ ఊరిలో పొగ

మాఘ పౌర్ణమి పొద్దున హేమ వేసుకున్న పథకం సులువైనదే. ఊరి బీడు మీద తన కంపెనీ గాలిమరలు పెట్టుకోవడానికి జనం చేత సంతకాలు పెట్టించాలి, సాయంత్రానికి అనంతపురం ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఉద్యోగం ఊడుతుంది. హేమది విజయవాడ. తమలా లేనివాళ్లతో ఎలా మెలగాలో, వాళ్లను ఎలా నడిపించాలో కంపెనీ ఆమెకు మూడు రోజులు ఏసీ గదిలో నేర్పించింది. ఆ గదిలో పల్లెమనిషి ఒక్కడూ లేడు.

"మేడం, ఈ పొద్దు ఆ ఊర్లో నరమానవుడుండడు," అన్నాడు డ్రైవర్ జయరాం.

"చూడకుండానే జనాన్ని అలా తీసిపారేయకూడదండీ. శిక్షణలో మొదటి పాఠం అదే."

"అది కాదు మేడం, పొద్దు మునిగేదంకా..."

"ప్లీజ్!"

జయరాం నోరు మూసుకున్నాడు. నోరు మూయించడం రెండో పాఠం కాబోలు.

ఊర్లో నిజంగానే ఎవరూ లేరు. బార్లా తెరిచిన తలుపులు గాలికి కొట్టుకుంటున్నాయి. కుక్క లేదు, కోడి లేదు. ఒక అరుగు మీద చేటలో వేరుశనక్కాయలు సగం వలిచి ఉన్నాయి. "ఎవరండీ?" అని కేకేస్తే ఆఖరి ఇంటి గోడ "అండీ" అంది. జయరాం కారు ఊరి బయటే ఆపాడు. ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

మూడింటిదాకా తిరిగాక హేమకు అర్థమైంది, తప్పుగా. కంపెనీకి భయపడి దాక్కున్నారు! వాళ్లు నమ్మాలంటే తాను వాళ్లలో ఒకరైపోవాలి. ఎదురింట్లోకి పోయి, పొయ్యి ముట్టించి, ఊరందరికీ సరిపడా టీ పెట్టింది.

రెండు మైళ్ల అవతల, గుట్ట కింద, పశువులతో కోళ్లతో కూర్చున్న ఊరు ఆ పొగను చూసింది. ఏటా ఆ ఒక్కరోజు పొద్దు మునిగేదాకా ఊర్లో నిప్పు ఉండదు, మనిషి ఉండడు. కరువు ఇల్లిల్లూ వెతుక్కుని, ఎవరూ దొరక్క, వెళ్లిపోవాలి.

"కరువు వంట చేసుకుంటాండాది," అంది మారెక్క. "అదీ నా పొయ్యి మిందనే!"

హేమ గిన్నె దించి వాకిట్లోకి వచ్చేసరికి పొలిమేర పొడుగునా నాలుగువందల మంది. కదలరు, పలకరు. గ్లాసు ఎత్తి చూపింది. అందరూ ఒకేసారి ఒక అడుగు వెనక్కి వేశారు. గాలిమరల గురించి గంటసేపు మాట్లాడింది. తలుపులే చప్పట్లు కొట్టాయి.

పొద్దు మునగగానే ఊరిపెద్ద సుంకప్ప దగ్గరకొచ్చి, ముందు ఆమె పాదాలు ముందుకే ఉన్నాయా అని వంగి చూశాడు.

"మనిషేలేప్పా! ఏమ్మా, యాడిదానివి? బయటిదానివైతే ఈ నిప్పుకు మాఫీ లేదు. ఊరిదానివైతే పసుపునీళ్లు చల్లి ఇడిసిపెడతాం."

"మీ ఊరిదాన్నే!" హేమ ఏడ్చేసింది. "ఇవాళ్టి నుంచి!"

సుంకప్ప పసుపునీళ్లు చల్లి, జేబులోంచి కాగితం తీశాడు. "మా బీడు మింద గాలిమరలు వద్దని ఊరంతా పెట్టిన అర్జీ ఇది. నువ్వొక్కదానివే మిగిలినావు. పెట్టు సంతకం."

హేమ చుట్టూ చూసింది. నాలుగువందల మంది మళ్లీ కదలడం మానేశారు. పెట్టింది.

మరుసటి రోజే ఆమె ఉద్యోగం పోయింది. ఊరు మాత్రం పోలేదు, వచ్చే మాఘ పౌర్ణమికి గుట్ట కిందికి తన కోడిని తానే తెచ్చుకోవాలని సుంకప్ప ఫోన్ చేసి చెప్పాడు.