కోటి దాటితే దానమే

"గెలిచే అవకాశం కోటికి ఒకటి కన్నా మెరుగ్గా ఉన్న ప్రతి ఆటా జూదం. అంతకన్నా అధ్వానమైతే అది దానం."

బుంగరా ఊరి చర్చి కమిటీ ఈ మహత్తర తీర్మానాన్ని ఆదివారం ప్రార్థన అయ్యాక, చేతిలో టీ చల్లారేలోగా ఆమోదించింది. రాసినవాడు అధ్యక్షుడు మెర్విన్. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దమనిషి.

వంటగది చూసుకునే నెరీడా మెడలోని తాళంచెవి గట్టిగా పట్టుకుంది. జూదం ఆడేవాళ్ల దగ్గర చర్చి వంటగది తాళంచెవి ఉండకూడదని పోయిన నెలే తేల్చారు. ఇరవయ్యొక్క ఏళ్లుగా ఆ తాళంచెవి ఆవిడ మెడలోనే ఉంది. భర్త పోయాక ఆవిడను మళ్లీ మనుషుల్లో పడేసింది ఆ వంటగదే. ఆవిడేమో వారం వారం శనివారం లోటో లాటరీ టికెట్టు కొంటుంది, ఆయన ఎంచిన ఆరు అంకెలతోనే.

"శనివారం ఆటలో నలభై అయిదు అంకెల్లో ఆరు కలవాలి," అన్నాడు మెర్విన్, బోర్డు మీద రాస్తూ. "ఎనభై ఒక్క లక్షలకు ఒక అవకాశం. కోటి లోపే. తాళంచెవి ఇచ్చెయ్యి నెరీడక్కా."

"మరి గురువారం పవర్‌బాల్ లాటరీ టికెట్టుకు నా ముందే నిలబడ్డావు కదయ్యా?"

"దానికి పదమూడు కోట్ల నలభై నాలుగు లక్షలకు ఒకటి. అంటే రాదు. రాదని తెలిసీ డబ్బివ్వడం త్యాగం అక్కా."

కమిటీ తలలూపింది. గురువారం వరసలో అందరూ ఉన్నవాళ్లే మరి.

నెరీడాకు ఏడుపొచ్చింది, దాని వెనకే ఒళ్లు మండింది. మెడలోంచి తాడు తీయబోతూ ఆగింది.

"ఒక్క లెక్క చెప్పు బాబూ. చర్చి పైకప్పు బాగుచేయించడానికి మనం పెట్టిన, మాంసం పళ్లెం బహుమతిగా ఇచ్చే లాటరీకి మొత్తం ఎన్ని టికెట్లు?"

"వంద."

"నువ్వెన్ని కొన్నావు?"

మెర్విన్ సుద్దముక్క కింద పెట్టాడు.

"నలభై," అంది పక్కనున్న ఆయన భార్య. "మటన్ చాప్స్ అంటే పడిచస్తాడు."

"వందకు నలభై. కోటికి ఎంత దూరం బాబూ?"

లెక్కల మాస్టారు ఉండగా మనమెందుకని అందరూ ఆయన వైపు తిరిగారు. తీర్మానం ప్రకారం బుంగరాలో ఆయన్ని మించిన జూదరి లేడు.

"మాంసానికి ఈ తీర్మానం వర్తించదని సవరణ," గొణిగాడు మెర్విన్.

బలపరిచేవాళ్ల కోసం చుట్టూ చూశాడు. అందరూ ఖాళీ కప్పుల వైపు, తాళం వేసిన వంటగది వైపు చూస్తున్నారు.

నెరీడా లేచి వంటగది తాళం తీసింది. తాళంచెవి మళ్లీ మెడలో వేసుకుంది.

"టీ కావలసిన త్యాగమూర్తులు వరసలో రండి," అంది. "మెర్విన్ బాబూ, నువ్వు చివర."